వి.పి.పి. విజయము

అవతారిక

ప్రబంధం మొదలుపెట్టేవాడు ముందు ఇష్టదేవతను తలుచుకోవడం మర్యాద. కోలారు ఊళ్ళో కోలారమ్మ గుడి ఉంది. అక్కడే తేళ్ళ తల్లి చేళమ్మ కొలువుంది. ఆమెకు మొక్కుకున్నవాణ్ణి తేలు కుట్టదని ఆ సీమలో నమ్మకం. రాతిసందుల్లో మాటువేసి, తోక పైకెత్తి, ఏమీ ఎరగనివాడి బొటనవేలి కోసం కాచుకుని కూర్చునే జీవాలను ఏలే తల్లి ఆమె. అపరాధ పరిశోధక కావ్యానికి అంతకంటే తగిన దేవత ముల్లోకాల్లో దొరకదు. కనుక తల్లీ చేళమ్మా, నీ పరివారాన్ని అదుపులో ఉంచుకుని, నా కథలో అపరాధి చివరిదాకా ఎవరికీ చిక్కకుండా కాపాడు.

తరువాత పూర్వకవి స్తుతి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి, శాశ్వత చందాదారు అనే కొత్త ప్రాణిని తెలుగునేల మీద పుట్టించారు. వారికి నమస్కారం. వాళ్ళు చరిత్రలూ శాస్త్రాలూ పంచి జాతిని మేలుకొలుపుతుంటే, బరంపురం వేగుచుక్క గ్రంథమాలవారు నేరాలూ ఘోరాలూ అచ్చువేసి, అదే జాతికి రాత్రిళ్ళు నిద్ర లేకుండా చేశారు. ఇద్దరూ చేసింది మేలుకొలుపే కనుక వారికీ నమస్కారం. డిటెక్టివ్ యుగంధర్‌నూ అసిస్టెంటు రాజునూ కని పెంచిన కొమ్మూరి సాంబశివరావుకు రెండు చేతులా నమస్కారం. సమగ్రాంధ్ర సాహిత్యం రాసిన చేత్తోనే 'పలకల వెండి గ్లాసు' రాసిన ఆరుద్రకు, ఏ చేతికి మొక్కాలో తేలక, సాష్టాంగం.

ఇక కుకవి నింద. అద్దెపుస్తకం మొదటి పేజీలోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసి, దానికింద రెండు గీతలు గీసే అజ్ఞాత వ్యాఖ్యాత ఒకడు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. వాడు తర్వాతి జన్మలో చివరి పేజీలు చిరిగిన పుస్తకమై పుట్టుగాక.

పుర వర్ణనము

ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు కావాలన్నారు పెద్దలు. మా కథ జరిగింది కోలారు బంగారు గనుల్లో, 1970లలో. అక్కడ పద్దెనిమిదీ కుదురుతాయా అని శంకించేవాళ్ళు కాస్త ఓపికపట్టాలి.

మొదట నగరం. 1880లో లండను నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే కంపెనీ దిగి, రాగిముద్దా సజ్జరొట్టే తిని బతికే మెరకనేలలో ఇంగ్లండును పాతిపెట్టింది. ఎర్రపెంకుల బంగళాలు, గోల్ఫ్ మైదానం, క్లబ్బు, చర్చి మొలిచాయి. మైసూరు రెసిడెంటు రాబర్ట్‌సన్ పేరుమీద రాబర్ట్‌సన్‌పేట, కమిషనర్ బౌరింగ్ పేరుమీద బౌరింగ్‌పేట వెలిశాయి. బౌరింగ్‌పేట తరువాత బంగారుపేట అయింది, దొర పోయినా బంగారం మిగిలినట్టు. 1902లో కావేరి నీళ్ళు శివసముద్రం దగ్గర దూకితే, ఆ దూకుడు తీగల వెంట పరుగెత్తి వచ్చి ఈ ఊళ్ళో దీపమై వెలిగింది. బెంగళూరు వీధులు అప్పటికింకా చీకట్లో తడుముకుంటున్నాయి. రాత్రిపూట పడుకుని నవల చదవడానికి మన దేశంలో అంత తొందరగా సిద్ధమైన ఊళ్ళు ఎన్నో లేవు.

అర్ణవం, అంటే సముద్రం. పాలారు మీద బేతమంగళం చెరువు ఉంది. ఊరికి నీళ్ళు అప్పట్లో అక్కణ్ణించే. కొళాయి దగ్గర బిందెల వరుసల్లో జరిగేదాన్ని జలక్రీడ అని ఒప్పుకుంటే రెండు వర్ణనలు ఒకేసారి తీరిపోతాయి.

శైలం. ఇదే మా ఊరి గర్వం. మిల్లుల్లో రాయిని పిండిచేసి, సయనైడు నీళ్ళతో బంగారం పిండుకున్నాక మిగిలిన మట్టిని ఏళ్ళ తరబడి పోసిన దిబ్బలు ఊరి నడుమ కొండలై నిలిచాయి. వాటి పేరే సయనైడు దిబ్బలు. డిటెక్టివ్ నవలల్లో జమీందారుగారి కాఫీలో చిటికెడు సయనైడు కలిసిందంటే నూటనలభై పేజీల గగ్గోలు. మాకు ఆ పేరుగల మేరుపర్వతాలే ఉన్నాయి. ఆషాఢమాసపు గాలి లేస్తే ఆ దుమ్ము ఊరంతటి పెరుగన్నంలోనూ పడేది. దాన్నే ఋతువర్ణనగా జమకట్టుకోవాలి. మా ఊరివాడెవడూ సయనైడు కథలకు జడిసేవాడు కాదు. "ఇంతేనా?" అని పేజీ తిప్పేవాడు.

చంద్రోదయ సూర్యోదయాలకు మా ఊళ్ళో వెల లేదు. షిఫ్టు సైరన్ కూస్తే తెల్లవారినట్టు, మళ్ళీ కూస్తే పొద్దుగూకినట్టు. ఉద్యానవనాలు దొరల బంగళాల్లో ఉండేవి. మాకు ప్రవేశం కంచె ఇవతలి దాకా. మధుపానం అంటే ఫిల్టరు కాఫీ. రతోత్సవం ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో తగదు కనుక దాన్ని పరిహరిస్తున్నాను. మిగిలినవి కథలోనే వస్తాయి.

పాతాళ వర్ణనము

శాస్త్రకారులు మరిచిన పంతొమ్మిదో వర్ణన ఒకటుంది. మా ఊరు సగం కింద ఉంది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా దిగిపోయింది. అతల వితల సుతలాలు దాటి, రసాతలంలో రాయి చెయ్యి కాల్చేచోట, మనిషి గోచీ పెట్టుకుని బంగారం కోసం గోడ తొలిచేవాడు. ఉండి ఉండి కింద రాతిపొర పటేలున పగిలేది. దాన్ని రాక్ బర్స్ట్ అంటారు. అప్పుడు పైన ఇళ్ళల్లో సామాన్ల గూడు గలగలలాడేది. ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి, ఏ షాఫ్టు, ఎవరి షిఫ్టు అని లెక్కలు కట్టుకునేవాళ్ళు.

ఆ పాతాళంలోకి 1965లో చిత్రమైన పత్తేదారులు దిగారు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూటువాళ్ళు, జపాన్ ఒసాకావాళ్ళు, ఇంగ్లండు డర్హంవాళ్ళు కలిసి రెండు కిలోమీటర్లకు పైగా లోతున యంత్రాలు బిగించి మాటువేశారు. వాళ్ళు వెతికే నేరస్థుడి పేరు న్యూట్రినో. వాడికి రంగు లేదు, రూపం లేదు, బరువు ఉందో లేదో అప్పటికి తెలియదు. భూగోళంలో ఈ వైపు చొరబడి ఆ వైపు తేలిపోతాడు, వేలిముద్ర వదలడు. ఆకాశంలో పుట్టిన న్యూట్రినో నేల లోపల చేసిన పనికి సాక్ష్యం ఆ ఏడే ఇక్కడ దొరికింది. దక్షిణాఫ్రికాలో మరో బంగారు గనిలోనూ అప్పుడే దొరికింది. ఏ గనివాళ్ళు ముందు పట్టారన్నది పండితుల తగువు. మా ఊళ్ళో మాత్రం ఆ సంగతిని రెండు ముక్కల్లో చెప్పుకునేవాళ్ళు: "కనబడనివాణ్ణి పట్టాలంటే ఛాంపియన్ రీఫే కావల్ల."

ఊళ్ళో అసలు పరిశోధన మాత్రం షాఫ్టు నోటి దగ్గర జరిగేది. కింద నుంచి కేజీలో పైకొచ్చిన ప్రతివాడి ఒళ్ళూ తడిమేవాళ్ళు వాచ్ అండ్ వార్డు వాళ్ళు. గోచీ మడతలో, అన్నం క్యారియరు అడుగున బంగారపు రేణువు దాచాడేమోనని అనుమానం. అది పగ కాదు, ద్వేషం కాదు, రోజువారీ డ్యూటీ. తాత దగ్గర్నుంచి మనవడి దాకా, పుట్టినవాడు పుట్టినట్టే అనుమానితుడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, అపరాధ పరిశోధనలో ఏ వివరమూ వృథాగా రాదు.

నాయక వర్ణనము

ఇట్టి పట్టణంలో మా చిన్నాయన టైమాఫీసు గుమాస్తా. ఎవడు ఎన్ని గంటలకు పాతాళానికి వెళ్ళాడో, ఎన్నింటికి తిరిగొచ్చాడో పద్దు రాసే చిత్రగుప్తుడు. సన్నటి మీసం, చెవి మీద పెన్సిలు, కళ్ళల్లో ఎప్పుడూ ఒక కేసు. ఎవరైనా ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తే అరపూట జీతం కోసే ముందు చెప్పుల బురద చూసేవాడు: "ఆండర్సన్‌పేట మట్టి కదప్పా ఇది? నువ్వు ఉండేది ఊరగాం లైన్లో కదా?"

ఆయన విద్యాభ్యాసం మా సీమలో అందరిదీ ఎట్లాంటిదో అట్లాంటిదే. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, గనిలో తమిళం, ఆఫీసు కాగితం మీద ఇంగ్లీషు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట తాలూకాల్లో ఇల్లిల్లూ తెలుగు మాట్లాడుతుంది, బడిపలక మాత్రం కన్నడం దిద్దుతుంది. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కనుక చిన్నాయన కన్నడం దారిన తెలుగులోకి నడిచి వచ్చాడు. తలకట్టు దగ్గర తొట్రుపడి, వత్తుల దగ్గర ఊపిరి పీల్చి, ఒక పేజీ ముగించేసరికి నవల్లో పోలీసులు వచ్చి వెళ్ళిపోయేవాళ్ళు.

చిన్నమ్మ మాత్రం పలమనేరు ఆడపడుచు. తెలుగు బళ్ళో ఎనిమిదో తరగతి. చక్రవర్తుల కోసం రథాలు నడిపిన సారథులుంటారే, ఆ వేగం ఆమె చదువుకు. కాని ప్రబంధ మర్యాద ప్రకారం నాయకుడు చిన్నాయన. ప్రస్తుతానికి అట్లాగే ఉండనిద్దాం.

దూతకార్యము, వివాహము

కన్నడంలో ఎన్. నరసింహయ్యగారి పత్తేదారు పురుషోత్తముడు, తమిళంలో తమిళ్‌వాణన్‌గారి శంకర్‌లాల్ రాబర్ట్‌సన్‌పేట అంగళ్ళలో తోరణాలై వేలాడేవాళ్ళు. యుగంధర్ మాత్రం దొరికేవాడు కాదు. మదరాసులో అంతటి ప్రతాపవంతుడు, మా ఊరి పొలిమేరకు వచ్చేసరికి అజ్ఞాతవాసి. ఎవరో కుప్పం నుంచి తెచ్చిన ఒక్క 'చావు కేక' చేతులు మారీ మారీ అట్ట ఊడి, మొదటి అధ్యాయం కూడా ఊడి, శవం దొరికాక మొదలయ్యేది.

అట్టి కరువుకాలంలో ఒకనాడు మంగలి షాపులో, తెలుగు వారపత్రిక వెనక అట్ట లోపలివైపు, చిన్నాయనకు ప్రకటన రూపంలో ఆకాశవాణి వినబడింది. బెజవాడ నుంచి ఒక ప్రచురణసంస్థ, పేరు చెప్పను, మిస్టరీ పాఠకులకు సభ్యత్వం ఇస్తుందట. చేరితే నెలకో డిటెక్టివ్ నవల ఇంటికే వి.పి.పి.లో వస్తుందట. ఎమెస్కోవాళ్ళ ఇంటింటి గ్రంథాలయం పేరు తెలుగువాళ్ళకు అప్పటికి తెలుసు. అదే బాటలో వీళ్ళు హత్యలను ఇంటింటికీ చేర్చబూనుకున్నారు. కూపను కత్తిరించి, సభ్యత్వ రుసుము మనియార్డరు చేయడమే తరువాయి.

చిన్నాయన అక్కడే, సగం గీసిన గడ్డంతో, క్షురకుడి కత్తెర అడిగి పుచ్చుకుని కూపను కోశాడు. కోసే ముందు అటుపక్క ఏముందో చూశాడు. నేరస్థలంలో ఏదీ చూడకుండా కదపకూడదు గదా.

ఇది మామూలు కొనుగోలు కాదు, వివాహం. కూపనులో నిబంధనలు సప్తపదిలాగా ఉన్నాయి. ఏడాది పాటు విడువను. వచ్చిన పార్శిలు తిప్పి పంపను. ఇల్లు మారితే తెలియజేస్తాను. చిన్నాయన ఒక్కొక్క షరతు పైకి చదివి, ఒక్కొక్కదానికీ తల ఊపి, మూడు రంగుల దస్తూరీతో సంతకం చేశాడు. మనియార్డరు ఫారం అడుగున సందేశానికి వదిలిన జానెడు జాగాలో 'మహాశయా' అని మొదలుపెట్టి, యుగంధర్ పట్ల తన భక్తిని నిరూపించబోయి, చోటు చాలక 'ఇట్లు' దగ్గర ఆగిపోయాడు. చిరునామా చివర 1972 ఆగస్టు 15న పుట్టిన పసికందు పిన్‌కోడును, 563122 అని, ఒక్కొక్క అంకె గడిలో కూర్చోబెట్టాడు. ఊళ్ళో ఆ అంకెలు కంఠతా వచ్చిన మొదటి గృహస్థు తానేనని జీవితాంతం చెప్పుకున్నాడు.

ప్రయాణము, విప్రలంభము

బెజవాడలో బయలుదేరిన పార్శిలు కృష్ణానదిని వదిలి, రైలుబోగీలో ఆర్.ఎం.ఎస్. సార్టర్ల చేతుల్లో నిద్రలేని రాత్రులు గడిపి, మదరాసులో సముద్రగాలి పీల్చి, జోలార్‌పేట దగ్గర పడమటికి తిరిగి, కుప్పం దగ్గర ఆంధ్రదేశానికి కడసారి చెయ్యూపి, బంగారుపేటలో దిగి, అక్కణ్ణించి మారికుప్పం పోయే కొమ్మలైను ఎక్కాలి. ఆ కొమ్మలైను 1890లలో బంగారం కోసం వేసింది. దాని మీద బంగారం బయటికి పోయింది, బొగ్గు లోపలికి వచ్చింది. ఒక హత్యానవల కోసం ఒక గుమాస్తా ఎదురుచూసినంతగా మాత్రం ఆ పట్టాల వైపు ఏ దొరా చూసి ఉండడు.

ఇదే విప్రలంభం. నాయకుడు చిక్కిపోయాడు. వెన్నెల వేడిగా తోచింది. కాఫీ చేదుగా తోచింది. చక్కెర వెయ్యలేదు గనుక అది నిజంగానే చేదు. ప్రబంధ నాయికలు హంసను, చిలుకను, మేఘాన్ని అడుగుతారు. చిన్నాయన పోస్టుమ్యాన్‌ను అడిగేవాడు.

"పోస్టన్నా, నాకేమన్నా ఉందా?"

"ఉంటే ఈకుండా నేనేమి చేసుకుంటానప్పా?"

ఈ సంవాదం దినదినమూ, అక్షరం మారకుండా, మంత్రపుష్పంలాగా సాగింది.

కుమారోదయము

ఆ తరువాత ఒక శుభదినాన, సైరన్ కూసిన గడియలో, పార్శిలు ఉదయించింది. ఖాకీ కాగితపు పొత్తిగుడ్డల్లో చుట్టి, పురికొసతో కట్టి, లక్కముద్రలు వేసి ఉంది. వి.పి.పి. అనే పద్ధతి మన తపాలాలో 1877లో మొదలైంది. సరుకు చేతికిచ్చి సొమ్ము పుచ్చుకుని, ఆ సొమ్మును పంపినవాడికి చేర్చే ఏర్పాటది. కొనేవాడికి అమ్మేవాడి మీద, అమ్మేవాడికి కొనేవాడి మీద నమ్మకం లేనిచోట, ఇద్దరికీ నడుమ ఖాకీచొక్కా ధర్మరాజు నిలబడతాడు. వారం గడువులో విడిపించుకోకపోతే బిడ్డ పుట్టింటికి తిరిగిపోతాడు.

సొమ్ము ఎక్కడిది? చిన్నాయన జీతం ఒకటో తేదీన చిన్నమ్మ పోపులపెట్టె చేరేది. ఆయన చేతిలో మిగిలేది బీడీలకూ బస్సుకూ. కనుక ఆ మధ్యాహ్నం రేషను సరుకులకని పుచ్చుకున్న డబ్బులో కొంత, దేశహితం కోరి, దారి మళ్ళింది. పుస్తకం చొక్కాలోపల గుండెకు ఆనించుకుని ఇల్లు చేరి, "క్లబ్బు లైబ్రరీలో తెచ్చినా" అన్నాడు నాయకుడు, ఎవరూ అడక్కముందే.

నేరం చేసినవాడు అడక్కముందే జవాబు చెబుతాడన్నది యుగంధర్ పుస్తకాల్లో పదే పదే తేలే సత్యం. చిన్నాయన ఆ పుస్తకాలను ఆరాధించాడే గాని, వాటినుంచి నేర్చుకోలేదు.

మంత్రాంగము

మూడోనెల పార్శిలు వచ్చిన మర్నాటి రాత్రి, భోజనాలయ్యాక, చిన్నమ్మ జగిలి మీద, అంటే అరుగు మీద, అందరినీ కూర్చోబెట్టింది. మా అవ్వ, మేము పిల్లలం, అప్పు తీర్చమని వచ్చిన పక్కింటాయన, ముద్దాయి. నవల ఆఖరి అధ్యాయంలో అనుమానితులను హాల్లో సమావేశపరిచే పద్ధతి ఆమెకు ఎవరు చెప్పారో అప్పటికి మాకు తెలియదు.

"ఏమండీ, ఈ పురికొస యాడిది?"

"యాడిదో. దోవలో పడుంటే తెచ్చినా."

"మూడు నెల్లుగా మూడు పడినాయా? మల్లెపూలు కట్టేదానికి దారం లేదని నేను ఏడుస్తావుంటే పనికొచ్చిందిలే. సరే. మీ చొక్కా ఉతికితే జేబులో ఎర్రటి లక్క పెళుసులు రాలినాయి. క్లబ్బు లైబ్రరీ వాళ్ళు పుస్తకాలకు లక్క ఏస్తారా?"

నాయకుడు కాఫీ లేకుండానే గుటక వేశాడు.

"లైబ్రరీ పుస్తకానికి ముద్ర ఉంటుంది, చీటీ ఉంటుంది, పదిమంది నలిపిన వాసన ఉంటుంది. పరుపుకింద ఉండేదానికి అచ్చు వాసన పోలేదు. చక్కెర తూకం తగ్గినప్పటినుంచీ మీకు చదువు ఎక్కువైంది. కడాకు ఒకటి. నిన్న పోస్టన్న, మా ఇంటి మొగాన ఎప్పుడూ నవ్వనోడు, 'హంతకుడు దొరికినాడామ్మా?' అని అడిగినాడు."

నిశ్శబ్దం. చిన్నాయన రెండు చేతులూ ముందుకు చాచాడు, బేడీల కోసం. అవ్వ మాత్రం అసలు ప్రశ్న వేసింది:

"దొరికినాడా?"

"వాళ్ళ డాక్టరే," అంది చిన్నమ్మ. "నలభయ్యో పేజీలోనే తెలుస్తుంది. మీ కొడుకు ఇంకా ఇరవైలో ఉన్నాడు."

పరుపుకింది పుస్తకాన్ని ఆమె మధ్యాహ్నాల్లో ముగించి, ఉన్నచోటనే ఉన్నట్టు పెట్టేసేదన్నమాట. ఆమె విధించిన శిక్ష ఇది: సభ్యత్వం మానకూడదు, సప్తపది తొక్కినవాడు విడవడమేమిటి; ఇకమీదట పార్శిలు విప్పేది ఆమె; రేషను డబ్బు తాకకూడదు. మరి వి.పి.పి. సొమ్ము? "అది నేను చూసుకుంటా."

ద్యూతము, యుద్ధము

ఈలోగా సంగతి లైన్ల దాకా పాకింది. తెలుగు పుస్తకం నెలనెలా వచ్చే ఇల్లు ఒకటుందని తెలిశాక సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళు మా జగిలికి రాసాగారు. వైండింగ్ ఇంజను డ్రైవరు, టింబరు మేస్త్రి, బి.ఇ.ఎం.ఎల్. ఫ్యాక్టరీలో వెల్డరు, ఆస్పత్రి కాంపౌండరు. తెలుగు చదవడం రాకపోయినా వింటే అర్థమయ్యే తమిళ మేస్త్రి ఒకాయన గోడకు ఆనుకుని కూర్చునేవాడు. చిన్నమ్మ పైకి చదివేది, వి.పి.పి. సొమ్ముకు తలా ఒక వాటా అడిగేది. హంతకుడెవరని బీడీలు పందెం కాసేవాళ్ళు. కళ్ళు మూసుకుని వినే తమిళ మేస్త్రి చాలాసార్లు గెలిచేవాడు. ఒక రాత్రి యుగంధర్ తలుపు తోసే వేళకు కింద రాయి పగిలి ఇల్లు అదిరింది. ఒక్కరూ మాట్లాడలేదు. డ్రైవరు లేచి షాఫ్టు దిక్కుకు పరుగెత్తాడు. ఆ రాత్రి తలుపు వెనక ఎవరున్నారో ఎవరికీ అక్కరలేకపోయింది. మర్నాడు, అందరూ క్షేమమని తెలిశాకే, తలుపు తెరుచుకుంది.

తక్కిన రోజుల్లో యుద్ధం తప్పేది కాదు. పుస్తకం ఒకటి, చదివేవాళ్ళు పదిమంది. నాకు ముందంటే నాకు ముందు. వెల్డరు పుస్తకం తీసుకుపోయి నాలుగు రోజులు ఇవ్వలేదు. కాంపౌండరు అతని ఇంటిమీదకు దండెత్తాడు. వెల్డరు భార్య చీపురును దివ్యాస్త్రంగా ప్రయోగించింది. టింబరు మేస్త్రీ కాంపౌండరూ పుస్తకం చెరోపక్కా పట్టుకుని లాగుతుంటే అట్ట ఒకరి చేతికీ, ముందుమాట ఒకరి చేతికీ వచ్చాయి. సముద్రమథనంలోనైనా పాము తెగలేదు.

అప్పుడు చిన్నమ్మ కొబ్బరి కోసే కత్తి పుచ్చుకుని రణరంగం నడుమకు వచ్చింది. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. ఆమె పుస్తకం అంచున కొట్టిన పిన్నులను కత్తిమొనతో లేపి, పదహారేసి పేజీల ఫారాలుగా విడదీసింది. నూటనలభైనాలుగు పేజీల నవల తొమ్మిది ఫారాలయింది. నవగ్రహాలను అరుగు మీద వరుసగా పెట్టి తీర్పు చెప్పింది.

"రోజుకొక ఫారం. ముందుది చదివి తెచ్చిస్తే తరువాతిది. చిన్నా పెద్దా లేదు. తొమ్మిదోది మాత్రం నా దగ్గరే ఉంటుంది, బియ్యం డబ్బాలో. ఎవురు వాళ్ళ వాటా డబ్బు పెడతారో వాళ్ళకే అది."

"అట్లంటే ఎట్లక్కా?" అన్నాడు కాంపౌండరు, దీనంగా. ఆయన రెండు నెలల బాకీ.

"అట్లే. హంతకుడు ఊరికే వస్తాడా?"

లండనులో 1930లో పుట్టిన కాలిన్స్ క్రైమ్ క్లబ్ పేరు నమోదు చేసుకున్నవాళ్ళకు కొత్త పుస్తకాల కబురు పంపేది. 1942లో అమెరికాలో మొదలైన డిటెక్టివ్ బుక్ క్లబ్ మూడు నవలలను ఒక బైండులో కుట్టి పంపేది. మూడింటిని ఒకటి చేయడానికి బైండరుంటే చాలు. ఒకదాన్ని తొమ్మిది చేసి, తొమ్మిదింటికీ కాపలా కాసి, పదిమంది చేత డబ్బు కక్కించడానికి పలమనేరు ఆడపడుచు కావాలి.

నాయకాభ్యుదయము

ఆ విధంగా వి.పి.పి. ఏ నెలా తిరిగిపోలేదు. వాటాలు పోగా పైసలు మిగిలి, రెండో సభ్యత్వం కూడా కట్టారు, ఈసారి చిన్నమ్మ పేరు మీద. పార్శిలు మీద ఆమె పేరు అచ్చులో చూసి పోస్టన్న గౌరవంగా చెప్పులు విడిచి గుమ్మం తొక్కాడు. చిన్నాయన ఇన్నాళ్ళూ తాను నాయకుడననుకుని, అసిస్టెంటు రాజు ఉద్యోగంలో స్థిరపడ్డాడు. ఫారాలు ఎవరికి ఏ తేదీన ఇచ్చిందీ, ఎవరు తెచ్చిందీ టైమాఫీసు పద్దులాగా రాసే పని ఆయనది. ఆలస్యం చేసినవాడికి అరరోజు కోత.

ఆ జగిలి మీద ఇంకొకటి జరిగింది. పగలు తమ గోచీలూ క్యారియర్లూ విప్పి చూపి వచ్చిన మనుషులు అక్కడ వరుసగా కూర్చుని ఒక లక్షాధికారి బంగళాలోకి చొరబడేవాళ్ళు. అల్లుడి జేబు తడిమేవాళ్ళు. ప్లీడరు బీరువా తీయించేవాళ్ళు. డాక్టరుగారి కళ్ళల్లోకి సూటిగా చూసి "నిన్న రాత్రి పదింటికి నువ్వెక్కడున్నావు?" అని అడిగేవాళ్ళు. ఆ పుస్తకాల్లో గనికూలీ హంతకుడిగా తేలడం మేము ఎప్పుడూ చూడలేదు. తేలేది పెద్దమనిషే. షాఫ్టు నోటి దగ్గర అనుమానం ఎప్పుడూ కింద నుంచి వచ్చేవాడి మీదే వాలేది. మా జగిలి మీద అది మెట్లెక్కి పైకి పోయేది. మూడు కిలోమీటర్ల లోతు నుంచి వచ్చినవాడికి నెలకో రెండు రూపాయలు ఆ సుఖానికి ఎక్కువ కాదు. పండితులు ఆ పుస్తకాలను చౌకబారువన్నారు. చౌక కాబట్టే మా లైన్ల దాకా వచ్చాయి. బళ్ళో తెలుగు చదవని మా తరానికి చివరి ఫారం కోసమని అక్షరాలు కూడబలుక్కునే ఆత్రం పుట్టించాయి. నేను ఒత్తులు నేర్చుకున్నది హత్యల దగ్గరే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు తెల్లవారుజామున బెంగళూరు రైళ్ళల్లో నిలబడి పనికి పోయే జనానికి కథలు ఫోనులో వస్తాయి, పురికొస అక్కరలేదు. ఎనభైదాటిన చిన్నమ్మకు మనవడు ఒక వెబ్ సిరీస్ పెట్టి చూపాడు. రెండో భాగంలోనే హంతకుణ్ణి పట్టేసి, "ఎనిమిది భాగాలు ఎందుకురా దీనికి, ఫారాలు ఎక్కువ కట్టినారు" అంది.

ఫలశ్రుతి

ఈ వి.పి.పి. విజయమును భక్తితో చదివినవారికి పార్శిలు తిరిగిపోదు, పిన్‌కోడు తప్పదు. విన్నవారికి పందెంలో బీడీలు దక్కును. రేషను డబ్బు దారి మళ్ళించినవారికి జేబులో లక్క రాలును. పుస్తకం ఎరువు పుచ్చుకుని తిరిగి ఇవ్వనివారు చీపురు పాలగుదురు. వాటా బాకీ పడినవారికి ఎనిమిది ఫారాల దాకా సకల భోగములు కలుగును. హంతకుడు మాత్రం దొరకడు.